హ లేని ఊళ్ళో

రొట్టెల కొట్లో మొదటి రోజు
చిల్లర గుప్పిట్లో పట్టుకుని, వేలు చూపించి
"రొట్టె" అన్నాను.
కొట్టామె కదల్లేదు.
నా కళ్ళలోకి చూసి, తక్కెట్లో తూచినట్టు
"బొం... జూర్" అంది.
తిట్టిందనుకున్నాను.
ఆ రాత్రి ఉల్లిపాయ, ఉప్పు.

మంగళవారం క్లాసులో ఇదంతా సైగలతో ఆడి చూపిస్తే
మారీవోన్ టీచరు బల్ల చరిచి మరీ నవ్వింది.
"ఇక్కడ ముందు మనిషిని పలకరించాలి బాబూ,
రొట్టె తర్వాత."
ముప్పై ఎనిమిదేళ్ళు ఉత్తరాలు పంచింది ఆమె.
లోరియాంలో గుమ్మం గుమ్మానికీ
ఆ మాట ఒకటి పడేసి వచ్చేదట,
కరిచే కుక్కలకు కూడా.

మా క్లాసు లాండ్రీ పైన.
కింద మిషన్లు తిరిగితే బెంచీలు వణుకుతాయి,
మా క్రియలూ వణుకుతాయి.

పొద్దున బొంజూర్, సాయంత్రం బొంసువార్.
ఏ గంటకి ఇది అదవుతుంది?
నాకు తెలియాలి.
రాత్రి రెండింటికి చేపల వేలం షెడ్డుకి పోతాను,
పెట్టెల్లో ఐసు నింపడానికి.
టీచరు భుజాలెగరేసింది.
"ఎదుటివాళ్ళ మొహం చూసి చెప్పు."

పరిచయమైతే "అంశాంతే" అనాలట.
అంటే, మంత్రం వేసినట్టయింది అని.
జల్మాయ్ పెన్ను కింద పెట్టేశాడు.
"టైల్స్ పరిచేవాణ్ణి.
మేస్త్రీతో ఈ మాటంటే మందు పెట్టారనుకోడూ?"
"ఎవరూ ఏమీ అనుకోరు," అంది టీచరు.
"అందులో మంత్రం ఎప్పుడో ఆవిరైపోయింది.
ఖాళీ సీసా. మనం నీళ్ళు పోసుకుంటున్నాం."

"తు" అంటే నువ్వు. "వూ" అంటే మీరు.
షెడ్డులో అందరూ నన్ను నువ్వు అంటారు,
చేపల్నీ అంతే.
ఆఫీసు కిటికీ వెనక మనిషి ఒక్కడే
మీరు అంటాడు.
మీ కాగితాలు చాలవని
ఎంత మర్యాదగా చెప్పాడో!

"జ్ మాపెల్" అంటే నా పేరు అని కాదట.
నన్ను నేను పిలుచుకుంటాను, అనట.
కెరెన్‌లో మా నాయనమ్మ పిలిచేది.
సరిహద్దులో టార్చిలైటు వాడు పిలిచాడు.
షెడ్డులో ఈల వేసి పిలుస్తారు.
నన్ను నేనెప్పుడూ పిలుచుకోలేదు.
అవసరం పడలేదు.
పక్కనే ఉండేవాణ్ణి కదా.

లేచి నిలబడి పిలుచుకున్నాను:
జ్ మాపెల్ హబ్తోమ్.
"అబ్తోమ్," అంది టీచరు.
హబ్తోమ్.
"అబ్తోమ్."
వాళ్ళు హ రాస్తారు, పలకరు.
గుమ్మానికి పేరుపలక ఉంటుంది,
లోపల మనిషి ఉండడు.

పోనీలే అన్నాను.
రొట్టె కొనడానికి హ ఎందుకు?
ఆమె ఊరుకోలేదు.
పేరు తప్పితే ఉత్తరం చేరదని
ఆమెకి తెలిసినంతగా ఎవరికి తెలుసు?
అబ్... అక్... ఖబ్...
లమారా నోటికి కొంగు లేదు గానీ
పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వింది.
విసుగొచ్చి టీచరు కళ్ళజోడు తీసింది,
తుడుచుకోబోతూ అద్దం మీద ఊదింది:
హ.

అద్దం మసకబారింది.
కింద మిషన్ కూడా అప్పుడే ఆగింది.
"ఇదా!" అంది.
"ఇదే," అన్నాను.
"ఇది నా దగ్గర ఎప్పటినుంచో ఉందే!"
మళ్ళీ ఊది, ఆ ఆవిరి ఆరిపోకముందే
మిగతా పేరు గబగబా అంటించింది.
కాస్త వంకరగా అతుక్కుంది.
"ఇంకోసారి," అన్నాను,
అచ్చం ఆమె గొంతుతో.

బయటికొస్తే ఐదున్నరకే చీకటి, వాన.
రొట్టెల కొట్లో దీపం.
చిల్లర జేబులోనే ఉంచి
ఆమె మొహం చూశాను.
నాకు తెల్లారినట్టే కనిపించింది.
"బొంజూర్" అన్నాను.
"బొంసువార్," అని దిద్దింది.
తిట్టలేదు.
లేక తిట్టిందేమో.
రొట్టె మాత్రం ఇచ్చింది.